బరువు పెరిగితే ఎగరడం మానేయాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అమ్మాయికి 14 ఏళ్ళు, మూడేళ్ళుగా హైజంప్ చేస్తోంది. పోయినేడు 1.40 మీటర్లు దూకింది. ఈ ఏడాదిలో రెండంగుళాలు పొడుగైంది, ఏడు కిలోలు పెరిగింది. ఇప్పుడు 1.30 దాటడమే కష్టంగా ఉంది. కోచ్ అందరి ముందూ తూకం మీద నిలబెట్టి, "ఐదు కిలోలు దించుకుని రా" అన్నారట. అప్పట్నుంచి రాత్రిపూట అన్నం మానేసింది. ఎవరో నార్వే క్రీడాకారిణి ఏడుస్తున్న వీడియో ఫోన్లో చూపించి, "ఒలింపిక్ గోల్డ్ కొట్టినామే బరువు వల్ల మానేసింది, నేనెంత!" అంటోంది. ఎవరామె? నిజంగా మానేసిందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చూసింది సగం కథ. మిగతా సగం మీరు కూర్చోబెట్టి చెప్పండి.

ఆమె పేరు మారెన్ లుండ్‌బీ, స్కీ జంపర్. పుట్టింది 1994లో. నార్వేలో టోటెన్ అనే పల్లెపట్టు ప్రాంతం నుంచి వచ్చింది. మనకి మంచు ఫ్రిజ్‌లో తప్ప కనపడదు కాబట్టి ఆట గురించి రెండు ముక్కలు. కొండవాలున కట్టిన ఏటవాలు దారిలో స్కీల మీద, అంటే కాళ్ళకి బిగించుకునే పొడుగాటి పలకల మీద, జారుకుంటూ వస్తారు. అంచుకి వచ్చేసరికి వేగం గంటకి 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ కాళ్ళతో ఒక్క తన్ను తన్ని గాల్లోకి లేస్తారు. స్కీలని ఇంగ్లీషు 'వి' అక్షరంలా విప్పి, వాటి మీదికి ఒళ్ళంతా వాల్చేస్తారు. ఎంత దూరం వెళ్ళారన్నదొక్కటే కాదు, గాల్లో ఎలా ఉన్నారు, ఒక కాలు ముందు పెట్టి ఎంత ఒద్దికగా దిగారు అన్నదానికీ ఐదుగురు జడ్జీలు మార్కులు వేస్తారు.

మగవాళ్ళకి ఈ ఆట 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ నుంచీ ఉంది. ఆడవాళ్ళని రానిచ్చింది 2014లో, సోచిలో. తొంభై ఏళ్ళు! ఆ మొదటిసారి దూకినవాళ్ళలో మారెన్ ఒకతె, 8వ స్థానంలో వచ్చింది. నాలుగేళ్ళకి ప్యాంగ్‌చాంగ్‌లో బంగారు పతకం. 2018 నుంచి వరసగా మూడు సీజన్లు ప్రపంచకప్ ఓవరాల్ టైటిల్ ఆమెదే. 2019లో ప్రపంచ చాంపియన్. పెద్ద కొండ మీద, అంటే ఇంకా ఎక్కువ దూరం దూకే వాలు మీద కూడా మమ్మల్ని దూకనివ్వండని గట్టిగా అడిగినవాళ్ళలో తనూ ఉంది. 2021లో జర్మనీలోని ఓబెర్స్‌డార్ఫ్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పెద్ద కొండ పోటీ పెడితే, అదీ తనే గెలిచింది.

అదే ఏడాది అక్టోబరులో టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. మీ అమ్మాయి చూసింది అదే అయ్యుంటుంది. తన ఒళ్ళు మారిందని, ఈ ఆటకి కావలసినంత తేలికగా ఇప్పుడు లేనని, కొన్ని కిలోలు తగ్గడం కోసం పిచ్చిపనులు చేయనని ఆమె చెప్పిన మాటల సారాంశం. నాలుగు నెలల్లో బీజింగ్ ఒలింపిక్స్. బంగారు పతకం నిలబెట్టుకోవాల్సిన మనిషి వెళ్ళనే లేదు.

ఆ ఆటలో బరువు అంత పట్టింపు ఎందుకంటే, గాల్లో ఆ మనిషే ఒక పతంగి. కాగితం పల్చగా, పుల్లలు సన్నగా ఉంటేనే గాలి ఎత్తుకుంటుందని సంక్రాంతికి మన డాబాల మీద ఏ పిల్లాణ్ణడిగినా చెప్తాడు. అందుకని ఒకప్పుడు జంపర్లు కడుపు మాడ్చుకునేవాళ్ళు. తరవాత రూల్ పెట్టారు: ఎత్తుకి తగ్గ బరువు లేకపోతే పొట్టి స్కీలు వాడాలి. స్కీ పొట్టిదైతే గాలి పట్టు తగ్గుతుంది. అయినా ఆ యావ పూర్తిగా పోలేదు.

అసలు సంగతికొస్తున్నాను. ఒక సీజన్ పక్కన కూర్చుని మారెన్ మళ్ళీ వచ్చింది. 2023లో స్లొవేనియాలోని ప్లానిత్సాలో, ప్రపంచ చాంపియన్‌షిప్ పెద్ద కొండ మీద వెండి పతకం తీసుకుంది. ఏడుపు వీడియో చూసినవాళ్ళు ఇది కూడా చూడొద్దూ?

ఇక మీ పిల్ల. ఆమెది హైజంప్, గాల్లో తేలే ఆట కాదు, నేలని తన్ని లేచే ఆట. 14 ఏళ్ళకి ఆడపిల్ల బరువు పెరగడం తప్పు కాదు, ఎదగడం. కాళ్ళు పొడుగైతే అంగ పెద్దదవుతుంది. పరుగు మొదలుపెట్టే పాత మార్కు దగ్గర్నుంచే పరిగెత్తితే చివరి అడుగు కర్రకి మరీ దగ్గర పడుతుంది. నా 31 ఏళ్ళ పీఈటీ ఉద్యోగంలో ఇలా ఒక ఏడాది వెనకబడ్డ పిల్లల్ని చాలామందిని చూశాను. సగం మందికి తూకం కాదు, టేపు కావాల్సొచ్చింది.

నా సంగతీ చెప్తాను. నేను లాంగ్‌జంప్ చేసేదాన్ని. 16 ఏళ్ళప్పుడు ఒక కోచ్ ఇలాగే అంటే, వారం రోజులు మజ్జిగ తాగి ప్రాక్టీసుకి వెళ్ళాను. ఇసుక గుంత పక్కన కళ్ళు తిరిగి పడ్డాను. ఆయన "ఎండ దెబ్బ" అన్నారు. నేనూ సరే ఎండే అనుకున్నాను, మా అమ్మకి చెప్పలేదు. మీ అమ్మాయి మీకు చెప్పింది, అది మంచిది.

రాత్రి అన్నం ఈరోజే మొదలుపెట్టించండి. ప్రాక్టీసు నుంచి రాగానే ఉడకబెట్టిన గుడ్డో, పల్లీపట్టీయో చేతిలో పెట్టండి. నెలసరి సరిగ్గా వస్తోందా అడగండి. వచ్చేది ఆగిపోతే "ఆటలాడే పిల్లలకి మామూలే" అని ఎవరన్నా వినకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చాలినంత తినకుండా ఆడితే ఎముకలు కూడా దెబ్బతింటాయి. కోచ్‌ని మీరే కలిసి, తూకం సంగతి నలుగురిలో ఎత్తొద్దని చెప్పండి. గొడవ అక్కర్లేదు, కానీ నసుగుతూ చెప్పకండి.

ఆదివారం పొద్దున టేపు పట్టుకుని మీరూ గ్రౌండుకి వెళ్ళండి. కర్ర పెట్టకుండా పది సార్లు పరిగెత్తించి, టేకాఫ్ కాలు ఎక్కడ పడుతోందో సుద్దతో గీత పెట్టండి. రోజూ పడాల్సిన చోటు కంటే ముందుకి పడుతుంటే, అంత మేర మొదటి మార్కు వెనక్కి జరపమనండి. ఎంత జరిగిందో నాకు రాయండి.