నాన్నకు క్యాన్సర్ ముదిరింది, నేను దూరంగా ఉన్నాను: ఉన్న పొదుపంతా పంపేయనా?

ప్రశ్న: నేను విదేశంలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి క్యాన్సర్ నాలుగో దశలో ఉందని, కాలేయానికి కూడా పాకిందని పోయిన నెల తెలిసింది. అమ్మ, చెల్లెలు చూసుకుంటున్నారు. నా రిటైర్మెంట్ పొదుపంతా తీసి పంపాలనుకుంటున్నాను. చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకుంటాను. ఉద్యోగం మానేసి వెళ్లిపోదామని కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ప్రశ్నలో డబ్బు టెన్షన్ కంటే దగ్గర లేనన్న బాధే ఎక్కువగా కనిపిస్తోంది. ఆ బాధలో ఉన్నదంతా పంపేస్తే కాస్త ఊరటగా ఉంటుంది, నిజమే. కానీ ఈ వారం ఏదీ అమ్మకండి, ఏ లోన్ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ముందు డాక్టరుగారితో మాట్లాడాలి. చెల్లెలు వెళ్లినప్పుడు మీరూ వీడియో కాల్‌లో ఉండండి. ఈ చికిత్స జబ్బు నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా అని నేరుగా అడగండి. మందు పనిచేస్తోందో లేదో ఎప్పుడు స్కాన్ తీసి చూస్తారో కూడా అడగండి. ఇతర అవయవాలకు పాకాక చాలా రకాల క్యాన్సర్లను అదుపులో పెట్టడమే తప్ప పూర్తిగా నయం చేయలేరు. అయినా కొన్నింటిలో మందులతో ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. మీరు సర్దుకోవాల్సింది కొన్ని నెలల ఖర్చుకా, కొన్నేళ్ల ఖర్చుకా అన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది. అందుకే తర్వాతి స్కాన్ వరకు సరిపడా మాత్రమే పంపండి. రిపోర్టు చూశాక మళ్లీ లెక్క వేసుకోండి.

పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, ఇతర బాధలు తగ్గించే వైద్య సేవ గురించి కూడా ఇప్పుడే అడగండి. ఆశ వదులుకున్నాకే అది అనుకుని చాలా కుటుంబాలు ఆలస్యం చేస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవారిపై 2010లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఈ సేవ అందినవారిలో సగం మంది 11.6 నెలలకు మించి బతికారు, అందనివారిలో సగం మంది 8.9 నెలలకు మించి బతికారు. పైగా ఈ సేవ అందినవారి రోజులు మెరుగ్గా గడిచాయి. నొప్పి తగ్గించడానికి పెట్టే ఖర్చు విషయంలో మాత్రం వెనకాడకండి.

డబ్బు తీసే వరుస ఇదీ: మొదట నాన్నగారి ఇన్సూరెన్స్, ఆయన పొదుపు. అది ఆయన కోసం దాచుకున్నదే. తర్వాత మీ డిపాజిట్లు. రిటైర్మెంట్ పొదుపు అన్నిటికన్నా చివర, ఎందుకంటే గడువుకు ముందే తీస్తే చాలా దేశాల్లో పన్ను, జరిమానా పడతాయి. పర్సనల్ లోన్ నేను వద్దనే అంటాను.

ఉద్యోగం మానకండి, సెలవు అడగండి. జీతం లేని సెలవైనా, కొన్నాళ్లు అక్కడి నుంచి పనిచేయడమైనా సరే. రానుపోను టికెట్ డబ్బు వేరే ఖాతాలో పెట్టి, దాన్ని ముట్టుకోకండి. చివర్లో వెళ్దామని సెలవంతా దాచుకోవద్దు. ఆయన కూర్చుని మీతో మాట్లాడగలిగే ఈ రోజుల్లోనే ఒకసారి వెళ్లిరండి.

వెళ్లినప్పుడు కాగితాల పని కూడా చూసుకోండి. నామినీలు ఎవరో చూడండి, బ్యాంకు ఖాతాల్లో అమ్మగారి పేరు జాయింట్‌గా చేర్పించండి, వీలునామా సంగతి ఆయన్నే నెమ్మదిగా అడగండి. ఆయన తరఫున పనులు చూసే అధికారం ఇచ్చే పత్రం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, మనిషి పోయాక చెల్లదు. చాలాచోట్ల మామూలు పవర్ ఆఫ్ అటార్నీ ఆయన సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని స్థితికి వస్తే అప్పుడే చెల్లకుండా పోతుంది. అందుకే ఆలస్యం వద్దు. ఇంకో చిన్న విషయం: బ్యాంకు ఓటీపీలన్నీ ఆయన ఫోనుకే వస్తాయి. ఆ ఫోను లాక్ ఎలా తీయాలో అమ్మగారికి తెలియకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా అక్కడే ఆగిపోవచ్చు.

ఇక చెల్లెలు. ఆసుపత్రికి తిప్పడం, రాత్రి మేలుకోవడం, రిపోర్టుల కోసం క్యూలో నిలబడడం అన్నీ ఆమే చేస్తోంది. తన పనికి వెళ్లలేక పోగొట్టుకుంటున్న జీతం గురించి మీతో చెప్పదు. రాత్రిపూట చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టించండి, ఆ జీతం మీరివ్వండి. ఆమెకు కూడా ప్రతి నెలా ఒకే తేదీన కొంత డబ్బు వెళ్లేలా ఏర్పాటు చేయండి. దానికి లెక్క అడగకండి.