చెవికట్టు చివర్లో చూడు

చిరంజీవి బుజ్జమ్మకు ఆశీస్సులు.

వాన్ గో చెవికి కట్టుతో గీసుకున్న స్వీయచిత్రం మీద వ్యాసం రాస్తున్నానన్నావు. లండన్ కోర్టోల్డ్ గ్యాలరీలో ఉన్నదేగా? పైపు కాలుస్తున్నది వేరే బొమ్మ, రెండూ కలిపేయకు.

ముందు ఓ పెద్ద కాగితం మీద అసలు కొలత గీసుకో: సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, 50 వెడల్పు. ఫోన్‌లో చూస్తే తల బొటనవేలంతయి, కట్టొక్కటే కంటికి ఆనుతుంది. అందుకే అంచుల నుంచి లోపలికి రా. నీకు ఎడమపక్క ఈజిల్, అంటే కాన్వాసు నిలబెట్టే చట్రం, దాని మీద ఇంకా బొమ్మ తేలని కాన్వాసు. కుడిపక్క గోడకు చెక్క అచ్చుతో వేసిన జపాన్ బొమ్మ: గీషాలు, అంటే ఆటపాటలతో అలరించే స్త్రీలు, వెనక ఫ్యూజీ కొండ. 1850ల్లో జపాన్ తన రేవుల్ని విదేశీ వర్తకానికి తెరిచాక అలాంటివి పారిస్‌లో చవగ్గా దొరికేవి. చేతిలో డబ్బు ఆడని వాన్ గో కూడా వందల్లో పోగేశాడు. తర్వాత బట్టలు. గదిలో ఉండి కూడా మందపాటి ఆకుపచ్చ కోటు, బొచ్చు టోపీ. జనవరి చలి సరే, ఆ టోపీ కట్టును కదలకుండా పట్టి ఉంచుతోంది కూడా.

బొమ్మలో కట్టు కుడి చెవికుంది, కోసుకున్నది ఎడమది. అద్దంలో చూసి గీశాడు మరి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మోడల్ దొరక్క, తనను తానే చూసి గీసుకోవడానికి ఓ మంచి అద్దం కొన్నానని ఉత్తరంలో తనే రాశాడు. అద్దె, తిండి, రంగులు అన్నిటికీ తమ్ముడు థియో పంపే సొమ్మే దిక్కు. పిచ్చి గురించి పేజీలు నింపే ముందు ఈ లెక్క రాయి.

తేదీలు మాత్రం గోడకు అంటించుకో. 1888 డిసెంబరు 23న తోటి చిత్రకారుడు గోగాఁతో గొడవ, అదే రాత్రి చెవి కోసుకోవడం. 1889 జనవరి 7న ఆస్పత్రి నుంచి ఇంటికి. ఆ నెలలోనే ఈ బొమ్మ. అప్పుడు తనుంటున్న దక్షిణ ఫ్రాన్స్ ఊరు ఆర్ల్‌లో ఇరుగుపొరుగువాళ్ళు ముప్పైమంది దాకా సంతకాలు చేసి మేయరుకు అర్జీ పెట్టడం, పోలీసులు ఇంటికి తాళం వేయడం, అవన్నీ ఆ తర్వాతివి. ఊరు వెలేసిన బాధ ఈ ముఖంలో ఉందని రాశావో, తేదీలే నిన్ను పట్టిస్తాయి. నాకైతే ఇందులో మళ్ళీ పనిలో పడిన మనిషే కనిపిస్తాడు.

ఇక కట్టు దగ్గరికి రా. తెల్లగా ఉందని రాసేయకుండా, ఆ తెలుపులో ఏయే రంగులు కలిశాయో లెక్కపెట్టి రాసి పంపు.

మీ పెదనాన్న