మంత్రిని అప్పుడే బయటికి తేవద్దు

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. చెస్ అంటే ప్రాణం. ఇంట్లో నన్నూ, వాళ్ల నాన్ననూ నాలుగు ఎత్తుల్లో కట్టేస్తాడు. పోయిన నెల భీమవరంలో టోర్నమెంటుకు తీసుకెళితే ఐదు రౌండ్లలో ఒక్కటే గెలిచాడు. బస్సు చించినాడ వంతెన దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. ఓపెనింగుల (ఆట మొదట్లో వేసే ఎత్తుల) పుస్తకం కొనిపెట్టమంటారా? వాడు ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్లు పంపుతున్నాను.
- ఒక అమ్మ, రాజోలు

జవాబు: పుస్తకం ఇప్పుడే వద్దమ్మా. ఐదు ఆటలూ బోర్డు మీద మళ్లీ వేసి చూశాను. తెల్లపావులు వచ్చిన మూడింటిలోనూ జరిగింది ఒకటే.

మొదటి రౌండు చూడండి. రాజు ముందు బంటును రెండు గడులు జరిపాడు, మంచి ఎత్తు. రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కి తెచ్చేశాడు (నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డు వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు). మూడో ఎత్తుకు శకటును సీ4లో పెట్టాడు (శకటు అంటే ఐమూలగా నడిచేది, కొందరిళ్లలో ఒంటె అంటారు). రెండూ కలిసి ఎఫ్7 బంటు మీద పడతాయి. ఇంట్లో మీకు కట్టు పడుతున్నది అక్కడే. అవతలి పిల్లాడు జీ6కి బంటు జరిపి మంత్రిని తరిమాడు. ఎఫ్6కి గుర్రాన్ని తెచ్చి దారి మూశాడు. రెండో గుర్రాన్ని డీ4కి దూకించి మళ్లీ తరిమాడు. ఆరు ఎత్తులయ్యేసరికి మీవాడి మంత్రి నాలుగుసార్లు కదిలింది, గుర్రాలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

బోర్డు మధ్య నాలుగు గడులు, ఈ4, డీ4, ఈ5, డీ5, రావులపాలెం సెంటర్ అనుకోమనండి. అమలాపురం వెళ్లాలన్నా, తణుకు, రాజమండ్రి వెళ్లాలన్నా అక్కడ బస్సు దొరుకుతుంది. పావులకూ అంతే, మధ్యకు దగ్గరైతే దారులెక్కువ. ఖాళీ బోర్డు మీద గుర్రాన్ని ఎఫ్3లో పెట్టి, అది దూకగల ప్రతి గడిలో ఒక చింతపిక్క పెట్టించండి. ఎనిమిది పడతాయి. హెచ్3లో పెడితే నాలుగే. మూలన ఏ1లో రెండే. లెక్క మీరు చెప్పొద్దు, వాడి చేత్తో వాడే పెట్టుకోవాలి.

ఇక గుర్రాలు, శకట్లు ఒక్కొక్కటిగా బయటికి రావాలి. ఏదైనా పావు ఊరికే దొరికితేనో, మనది పోయేలా ఉంటేనో తప్ప ఒకదాన్నే రెండోసారి కదపొద్దు. పదో ఎత్తులోపు క్యాస్లింగ్ (రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఆ ఏనుగును రాజుకు అవతలి పక్కన పెట్టడం) అయిపోవాలి. రెండో రౌండులో చెక్ అనగానే టెన్షన్ పడి రాజును ఒక గడి జరిపేశాడు. రాజు ఒకసారి కదిలితే ఆ ఆటలో ఇక క్యాస్లింగ్ లేదు. శకటును అడ్డం పెట్టే వీలుంది అక్కడ.

గెలిచింది నాలుగో రౌండు, నల్లపావులతో. అందులో తొమ్మిదో ఎత్తు దాకా మంత్రి కదల్లేదు, అప్పటికి గుర్రాలు రెండూ బయట ఉన్నాయి. వాడితో కూర్చుని ముందుగా ఆ షీటే వేసి చూడండి.