గుంటూరు మిర్చి పేరు మీద ట్రేడ్‌మార్క్: అభ్యంతరం వేయండి

అన్నా, ‘గుంటూరు మిర్చి’ అన్న మాటనే ఎవరో 30వ క్లాసులో (ట్రేడ్‌మార్కు కోసం సరుకులను విడదీసే వర్గాల్లో ఒకటి) కారం, మసాలాలన్నిటికీ ట్రేడ్‌మార్క్ అడిగారని, మీ పాకెట్ల మీద ఆ పేరు తీసేయాలా అని అడిగారు. తీయొద్దు, అది ఇంకా దరఖాస్తే. ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో పడిన తేదీ నుంచి 4 నెలల్లోపు టీఎం-ఓ అనే అభ్యంతరం ఫారం వేయండి, గడువు పెంచరు. ఆన్‌లైన్‌లో క్లాసుకి 2,700 రూపాయలు.

మీ అసలు బలం ట్రేడ్ మార్క్స్ చట్టంలోని సెక్షన్ 9. సరుకునీ ఊరినీ చెప్పే మాట ఒక్కరికే కట్టబెట్టడానికి అది ఒప్పుకోదు. గుంటూరు సన్నం మిర్చికి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉందనీ రాయండి. ఏళ్ల వాడకంతో పేరు తమదైందని వాళ్లు వాదించొచ్చు. దానికి జవాబు, ఆ పేరు మీరూ వాడుతున్నారని చూపే మీ నాన్నగారి నాటి యార్డు పట్టీలు, తేదీ ఉన్న బిల్లులు, పాత లేబుళ్లే. ఇప్పుడే వెతికి పెట్టుకోండి, మీ అభ్యంతరానికి వాళ్లు వేసే జవాబు (కౌంటర్) మీకు అందాక సాక్ష్యానికి 2 నెలలే టైమ్.