అందరి పిల్లలూ ఫౌండేషన్‌లో చేరిపోయారు, మా వాడు వెనకబడిపోయాడా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. మా బాబు ఈ జూన్‌లో ఏడో తరగతికి వచ్చాడు. ఊళ్లోనే జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్నాడు. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా తోడికోడలి కొడుకు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో (ఐఐటీ ఎంట్రెన్స్‌కు చిన్న తరగతుల నుంచే తయారుచేసే కోచింగ్‌లో) ఉన్నాడు, ఒలింపియాడ్‌లో రెండు మెడల్స్ కూడా వచ్చాయి. మా వాడిని గుంటూరులో హాస్టల్ ఉన్న స్కూల్లో వేద్దామని అడిగితే ఏడాదికి లక్షా నలభై వేలు అన్నారు. నా గొలుసు తాకట్టు పెట్టి అయినా కడదామనుకుంటున్నాం. ఇప్పటికే ఒక ఏడాది లేటయిందని టెన్షన్‌గా ఉంది. ఫౌండేషన్ మంచిదా, ఒలింపియాడ్ కోచింగ్ మంచిదా? రెండూ పోల్చి చెప్పండి. మా వాడు చదువులో మధ్యస్థం. బడి నుంచి రాగానే షాపులో కూర్చుని టైమ్ వేస్ట్ చేస్తాడు. కాలిన మోటారు విప్పితే చాలు, ఒక ఫేజు పోయి కాలిందో, లోడు ఎక్కువై కాలిందో వాళ్ల నాన్న కంటే ముందే చెప్పేస్తాడు.

జవాబు: అమ్మా, ముందు ఆ గొలుసు మెడలోనే ఉంచండి. తర్వాత మాట్లాడుకుందాం.

ప్రతి జూన్‌లోనూ నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. ఊరు మారుతుంది, ఫీజు మారుతుంది, తోడికోడలి కొడుకు బదులు ఎదురింటి పాప ఉంటుంది. అడిగేది మాత్రం ఒక్కటే: మేం లేటయ్యామా? లేదమ్మా. పన్నెండేళ్ల పిల్లవాడు దేనికీ లేటవడు. మీ వాడు ఇంటర్‌లో చేరడానికి ఇంకా నాలుగేళ్లు ఉంది. ఐఐటీ దారిలో మొదటి పరీక్ష అయిన జేఈఈ మెయిన్ సిలబస్ ఇంటర్ పాఠాలదే. ఆ పాఠాలను ఏడో తరగతిలో మొదలుపెట్టినంత మాత్రాన అవి ముందుగా అర్థం కావు. చాలామంది పిల్లలకు ముందుగా విసుగు పుడుతుంది, అంతే.

ఫౌండేషన్ మీద నాకున్న అనుమానం పుస్తకాలు చదివి వచ్చింది కాదు. రెండేళ్ల కిందట ఒకమ్మ తన కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చింది. మీ వాడి వయసే, అప్పటికి రెండేళ్లుగా ఫౌండేషన్‌లో ఉన్నాడు. చేతిలో ఇటుకంత లావు మెటీరియల్. అందులో వేగం, త్వరణం లెక్కలు గడగడా చేసేశాడు. నేను పుస్తకం మూసి, "నాన్నా, బస్సు కదలగానే మనం వెనక్కి ఎందుకు తూలతాం?" అని అడిగాను. కాసేపు పైకి చూశాడు, గోరు కొరికాడు, తర్వాత నన్నే అడిగాడు: "ఆప్షన్స్ ఏంటి మేడమ్?" వాళ్లమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు మొద్దు కాదు, చాలా చురుకైనవాడు. ఎ, బి, సి, డి లేకుండా ప్రశ్న ఉంటుందన్న సంగతే ఆ రెండేళ్లలో మరిచిపోయాడు.

ఫౌండేషన్ అందరికీ చెడ్డదని నేను అనను. ఇంట్లోనే ఉండి, ఇష్టపడి, రోజుకో గంట కష్టమైన లెక్కలు చేసుకునే పిల్లలకు అది బాగానే పనికొచ్చింది. అలాంటివాళ్లను కూడా చూశాను. కానీ అప్పు చేసి, ఇల్లు వదిలించి, హాస్టల్‌లో పెట్టి, తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపి చేయించే ఫౌండేషన్ వేరే సంగతి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దని అందులో స్పష్టంగా ఉంది. స్కూలు అని బోర్డు తగిలించి నడిపే ఫౌండేషన్‌కు అది వర్తించదని యాజమాన్యాలు చెప్తాయి. పిల్లవాడి వయసు మాత్రం బోర్డును బట్టి మారదు కదా.

ఇక ఒలింపియాడ్. ఇక్కడ తల్లిదండ్రులు బాగా మోసపోతున్నారు, అందుకే కొంచెం గట్టిగా చెప్తాను. స్కూళ్లలో ఫీజు కట్టించుకుని, క్లాసులో సగం మందికి మెడల్స్ ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు పెట్టే పరీక్షలు. పిల్లలు సరదాగా రాసుకుంటే తప్పు లేదు. వాటికీ, మన దేశ జట్టును ఎంపిక చేసే అసలు ఒలింపియాడ్‌కూ సంబంధం లేదు. లెక్కల్లో ఆ అసలు దారి ఐఓక్యూఎం అనే పరీక్షతో మొదలవుతుంది. ఎనిమిదో తరగతి నుంచి రాయొచ్చు. మూడు గంటలు, ముప్పై ప్రశ్నలు, ఆప్షన్లు ఉండవు, జవాబు అంకెల్లో రాయాలి. లెక్క వదలకుండా రాత్రి మంచం మీద కూడా ఆలోచించే పిల్లవాడికి అది పండగే. మిగతావాళ్లకు దాని అవసరం లేదు. పోల్చి చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను: మీ వాడికి ఈ రెండూ ఇప్పుడు అక్కర్లేదు. (ఎన్‌టీఎస్ఈ అనే జాతీయ ప్రతిభా పరీక్షకు కోచింగ్ అని ఎవరైనా వస్తే నమ్మకండి, 2021 తర్వాత ఆ పరీక్షే జరగడం లేదు.)

మీరు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. మీ వాణ్ణి ఆ స్కూలు నుంచి మార్చిన రోజే మూడు తలుపుల్లో ఒకటి మూసుకుపోతుంది, మిగతా రెండూ ఇరుకవుతాయి.

మొదటిది ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ స్కూళ్లలో ఎనిమిదో తరగతి చదివేవాళ్లే దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000, పిల్లవాడి ఖాతాలోనే పడతాయి. దేశం మొత్తానికి ఏటా లక్ష మందికి ఇస్తారు. పరీక్ష రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. అంటే మీ వాడికి ఈ ఏడాది వార్షిక మార్కులే టిక్కెట్టు. "ఏడో తరగతే కదా" అని వదిలేయకండి. ప్రైవేటు స్కూల్లో వేశారంటే ఆ పరీక్ష రాసే అర్హతే ఉండదు. వచ్చిన తర్వాత మార్చినా డబ్బు ఆగిపోతుంది. పదో తరగతి అయ్యాక కార్పొరేట్ కాలేజీలో చేర్చి, "మేడమ్, డబ్బులు పడటం లేదు" అని ఫోన్ చేసేవాళ్లు నాకు ఏటా కనీసం ఇద్దరైనా ఉంటారు.

రెండోది ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లలో ఆరేళ్ల బీటెక్‌కు పదో తరగతి మార్కులతోనే సీట్లు ఇస్తారు. ఇంటి దగ్గరే ఉండి జిల్లా పరిషత్, ప్రభుత్వ, మున్సిపల్ స్కూళ్లలో చదివినవాళ్లకు ఆ మార్కులకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఒక్క మార్కు తేడాతో సీటు పోయి ఏడ్చిన పిల్లల్ని చూసిన నాకు ఆ నాలుగు శాతం విలువ తెలుసు. లక్షా నలభై వేలు కట్టి దాన్ని వదులుకుంటామంటున్నారు మీరు.

మూడోది వింటే మీ వాడు ఎగిరి గంతేస్తాడు. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు యువిక అనే కార్యక్రమం నడుపుతోంది. వేసవి సెలవుల్లో దాదాపు రెండు వారాలు ఇస్రో కేంద్రంలోనే ఉంచి, శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పించి, ల్యాబులు చూపిస్తారు. ఖర్చంతా వాళ్లదే. ఎంపికలో సగం వాటా ఎనిమిదో తరగతి మార్కులది. పంచాయతీ పరిధిలోని పల్లె స్కూల్లో చదివేవాళ్లకు ఏకంగా 15 శాతం. సైన్స్ ఫెయిర్, క్విజ్, ఆటలు, స్కౌట్స్, ఎన్‌సీసీ, వీటన్నిటికీ తలా కొంత. మీ ఊరి బడిని మీరు లోటు అనుకుంటున్నారు, ఇస్రో దానికే మార్కులు వేస్తోంది. స్కౌట్స్ గానీ, ఎనిమిదో తరగతి నుంచి చేరే ఎన్‌సీసీ గానీ మీ స్కూల్లో ఉంటే చేర్పించండి.

హాస్టల్లోనే చదవాలని మీకు గట్టిగా ఉంటే దానికీ దారులున్నాయి. ఎనిమిదో తరగతిలో ఉండగా రాసే పరీక్షతో నవోదయలో తొమ్మిదికి చేరవచ్చు, ఖాళీలు ఉన్నంతవరకు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లకూ తొమ్మిదిలో ప్రవేశం ఉంది. అవి పిల్లవాడు కోరుకుంటేనే.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం కోప్పడతాను, ఏమీ అనుకోకండి. ఇంత ఉత్తరం రాశారు. అందులో మీ వాడి గురించి ఉన్నది చివరి మూడు మాటలే. అందులోనూ ఒకటి "మధ్యస్థం", ఇంకొకటి "టైమ్ వేస్ట్".

కాలిన మోటారు విప్పి, అది ఎందుకు కాలిందో చెప్తున్నాడంటే వాడు ఏం చేస్తున్నాడో తెలుసా? చుట్లన్నీ ఒకేలా నల్లబడ్డాయా, కొన్ని నల్లబడి కొన్ని ఎర్రగానే మిగిలాయా అని చూస్తున్నాడు. అన్నీ ఒకేలా మాడితే లోడు ఎక్కువైంది. కొన్ని గుంపులు మాడి కొన్ని బాగుంటే కరెంటు అన్ని ఫేజుల్లోనూ రాలేదు. కంటితో చూసిన గుర్తును బట్టి, కంటికి కనిపించని కారణాన్ని పట్టుకుంటున్నాడు. ఈ పని ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు కూడా నేర్పాల్సి వస్తోంది. పన్నెండేళ్లవాడు స్టూలు మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాడు. మీరు దాన్ని టైమ్ వేస్ట్ అన్నారు. వాడికి వినపడేలా అనలేదనే అనుకుంటాను. అని ఉంటే ఇవాళ సాయంత్రం వెళ్లి వాడి పక్కన కూర్చోండి. ఒక మోటారు చూపించి, ఇది ఎలా కాలిందని మీరే అడగండి.

కొత్త విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగ్ లేకుండా వడ్రంగి, కుమ్మరి, ఎలక్ట్రీషియన్ లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోమంటోంది. మీ ఇంట్లో అది ఏడాది పొడుగునా జరుగుతోంది. సాయంత్రం ఆరు దాకా షాపు, ఆ తర్వాత పుస్తకం, ఈ ఒక్క ఏర్పాటు చేయండి చాలు. ఇంగ్లీషు గురించి దిగులుంటే బడి పుస్తకంలోనే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. రోజూ ఒక పేజీ రెండు భాషల్లోనూ పైకి చదివించండి, మీరు బట్టలు మడతపెడుతూ వినండి.

ఈ ఏడాదే వాడి కోసం ఎదురుచూస్తున్న పని ఒకటుంది: ఇన్‌స్పైర్ మానక్. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచనను స్కూలు ద్వారా పంపొచ్చు. ఒక్కో స్కూలు ఐదు ఆలోచనలు పంపుతుంది. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లవాడి ఖాతాలో వేస్తారు, జిల్లా ప్రదర్శనకు పిలుస్తారు. నాకు తెలిసిన ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి, చదువు రాని నాయనమ్మ కోసం అగ్గిపెట్టెలతో మాత్రల డబ్బా చేసింది. పొద్దుటి మాత్రలకు పైన సూర్యుడి బొమ్మ, రాత్రి వాటికి చంద్రుడు, మధ్యాహ్నానికి అన్నం పళ్లెం. జిల్లా దాటి పోలేదు ఆ డబ్బా. కానీ వచ్చిన పదిమందికీ అది ఎందుకు చేసిందో ఆ పిల్ల చెప్పిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది. మీ వాడి దగ్గర అలాంటివి నాలుగైనా ఉంటాయి. ఒక ఫేజు పోగానే రైతుకు తెలిసేదెలా అన్నది వాడికి ఈసరికే తట్టి ఉంటే నేనేం ఆశ్చర్యపోను. ఐడియా వాడిదే కావాలి. ఇంటర్నెట్‌లో కొని తెచ్చిన మోడల్ పంపకండి, వాళ్ల నాన్ననూ చెయ్యి పెట్టనివ్వకండి.

సెలవులకు క్యాంపుల కోసం డబ్బు పోయకండి. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కితే దారిలోనే భట్టిప్రోలు. రెండు వేల ఏళ్లు దాటిన బౌద్ధ స్తూపం అక్కడుంది. 1892లో తవ్వినప్పుడు దొరికిన ధాతు పేటికల (అస్థికలు దాచిన పెట్టెల) మీద ఉన్న బ్రాహ్మీ అక్షరాల గురించి ప్రపంచంలోని లిపి పండితులంతా రాశారు. మన పిల్లలు చూడలేదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఒక ఆదివారం వెళ్లి, మూడు వందలు వాడి చేతికిచ్చి మీరు పక్కకు తప్పుకోండి, వాడికి నచ్చినవి వాడే కొనుక్కుంటాడు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాన్ని గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేట దాకా రైలుంది. చలికాలంలో వెళ్తే నేలపట్టులో కొంగలు, గూడబాతులు కూడా చూసి రావచ్చు.

మీ తోడికోడలి కొడుకు బాగుండాలి, వాడి మెడల్స్ వాడివి. రెండేళ్ల తర్వాత ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మార్కులు అడగరని మాత్రం నాకు మాట ఇవ్వండి.

ఇక ఈ వారం చేయాల్సిన పని. స్కూలుకు వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్‌లో వాడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో చూడండి. ఆధార్‌లో కూడా అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. బ్యాంకు ఖాతా వాడి పేరు మీద తెరిచి ఆధార్ జోడించండి. పరీక్ష పాసై కూడా ఈ ఒక్క తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. పేరు సరిచేయించడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, అందుకే ఎనిమిదో తరగతి దాకా ఆగకండి. అలాగే హెడ్మాస్టర్ గారిని, ఈసారి ఇన్‌స్పైర్ పేర్లు ఏ సైన్స్ టీచర్ చూస్తున్నారో అడిగి రండి. వాణ్ణీ వెంట తీసుకెళ్లండి, వాడి ఐడియా వాడే చెప్పుకుంటాడు.