ఫీల్డ్ వదిలి క్లాసుకు వెళ్తున్న మేనకోడలికి

చిన్నీ,

నువ్వు సోషల్ వర్క్ ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరతావనీ, ఆ తర్వాత యూనివర్సిటీలో పాఠాలు చెప్తావనీ మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది. దాంతోపాటు టెన్షన్‌గానూ ఉంది, అందుకే రాస్తున్నా.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గైడ్ గురించి వాళ్ల దగ్గర చేసిన స్కాలర్లనే అడుగు. స్టాటిస్టిక్స్ ఇప్పటినుంచే మొదలుపెట్టు. కేసు రిపోర్టులకు అలవాటుపడ్డ చేయి జర్నల్ వ్యాసానికి మొదట్లో మొరాయిస్తుంది, రాయగా రాయగా వస్తుంది.

ఫీల్డ్ నుంచి వచ్చినదాన్ని, నాకు థియరీ ఏం తెలుసని మాత్రం వెనక్కి తగ్గకు. షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం వాళ్లు వలస వచ్చిన పేదల పేటలోనే కాపురముండి, ఏ ఇంటివాళ్లు ఏ దేశం నుంచి వచ్చారో, వారానికెంత సంపాదిస్తారో రంగుల మ్యాపులు గీసి 1895లో అచ్చేశారు. 1917లో ‘సోషల్ డయాగ్నసిస్’ రాసి కేస్‌వర్క్ (ఒక్కో మనిషి, ఒక్కో కుటుంబం కష్టం విడిగా తెలుసుకుని సాయం చేసే పని) చదువుకు దారి వేసిన మేరీ రిచ్‌మండ్‌కి కాలేజీ చదువే లేదు.

నా భయమల్లా ఆ అనుభవాన్ని నువ్వెలా వాడతావన్నదే. నాలాగే ఫీల్డ్ నుంచి బోధనకు వచ్చిన ఒకాయన ఉండేవాడు. గృహహింస కేసుల్లో ఏళ్ల తరబడి కౌన్సెలింగ్ చేసిన మంచి మనిషి. పాత ఫైళ్లతోనే వ్యాసం రాశాడు, క్లాసులోనూ అదే చెప్పాడు. సంస్థ అనుమతి తీసుకున్నాడు, పేర్లు మార్చాడు. కానీ ముగ్గురు ఆడపిల్లలు, డ్రైవరు భర్త, కాలిన ఎడమ చెయ్యి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాడు. రెండో వరసలో ఒక అమ్మాయి రాసుకోవడం ఆపేసింది. అది వాళ్ల పిన్ని కథ. సొంత అక్కకు కూడా చెప్పుకోని మాటలు క్లాసంతా వింది. సంగతి తెలిశాక ఆ పిన్ని మళ్లీ ఏ కౌన్సెలర్ గడపా తొక్కలేదు. ఆమె ఆనాడు నోరు విప్పింది సాయం కోసం. పరిశోధనకు వాడుకుంటామని ఆమెను ఎవరూ అడగలేదు.

కాబట్టి పరిశోధనలో ఎవరికీ అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ సరేననేదాకా పాత ఫైలు ముట్టుకోకు. సమ్మతి నువ్వు స్వయంగా అడగొద్దు, నీవల్ల మేలు పొందినవాళ్లు నీ ముఖం మీద కాదనలేరు. వేరేవాళ్లచేత అడిగించు. వద్దన్నా అందే సాయం ఆగదని ముందే చెప్పించు. పాఠానికైతే నాలుగైదు కేసులు కలిపి, ఎవరిదీ కాని కథ ఒకటి అల్లుకో.

పోయినసారి భోజనాల దగ్గర ఒకావిడ సంగతి పేరుతో సహా చెప్పేశావు. అందరిముందూ ఎందుకని ఊరుకున్నా. అలా చేస్తారా? చెప్తూ చెప్తూ నీ గొంతు పూడుకుపోవడం కూడా చూశాను తల్లీ. అంత పట్టించుకునే మనిషి పిల్లలకు టీచరుగా దొరకాలి.

మొదటి హోమ్ విజిట్‌లో గుమ్మం దగ్గరే తలుపేయించుకుని వచ్చే స్టూడెంట్లు ఉంటారు. వాళ్లకు మార్కులు కోసేయకు. రికార్డు పక్కన పెట్టి, అక్కడ ఏం జరిగిందో చెప్పించుకో.

ప్రపోజల్ డ్రాఫ్ట్ కాగానే పంపు. సమ్మతి పత్రం ముందు తయారైతే అదే ముందు పంపు, చదివి రాస్తాను.

నీ మేనత్త