బాత్‌రూము ఫొటో అడగండి

ప్రశ్న: మేడమ్‌గారూ, జనవరిలో నాలుగు రాత్రులకి కౌలాలంపూర్ వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. ఆవిడ శాకాహారి. యాప్‌లో ఒక హోటల్ నచ్చింది. రద్దు చేసుకుంటే డబ్బంతా వెనక్కిస్తామని, పొద్దున టిఫిను ఉచితమని రాశారు. డబ్బు కట్టేముందు ఇంకేమైనా చూసుకోవాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చూసుకోవాలమ్మా. ముందు మీ అత్తగారి సంగతి. గదివి పదిహేను ఫొటోలు పెడతారు, బాత్‌రూముది ఒక్కటే పెడతారు. అందులోనూ అద్దం, సింకే కనబడతాయి. చాలా హోటళ్లలో షవరు బాత్‌టబ్బు లోపలే ఉంటుంది. స్నానం చేయాలంటే మోకాలెత్తు అంచు దాటి, జారే తొట్టిలో నిలబడాలి. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు నేనిది చూసుకోలేదు. మూడు రోజులూ ఆవిడ టబ్బు అంచు మీద కూర్చుంటే, ఒక్కో కాలూ నేనే ఎత్తి లోపల పెట్టాను. చెంబు ఎక్కడుంటుంది? గదిలోని కాఫీ కప్పుతోనే పోసుకుంది. వచ్చేరోజు ఆ కప్పుని సబ్బు పెట్టి మూడుసార్లు తోమింది, “తర్వాత ఎవరో తాగుతారే” అంటూ. కాబట్టి టబ్బు లేని షవరున్న గది కావాలని హోటల్‌కే మెయిల్ పెట్టి, బాత్‌రూము ఫొటో అడగండి. జవాబు రాతలో ఉండాలి. ఫోనులో చెప్పిన “ఓకే ఓకే”ని కౌంటర్లో ఎవరూ గుర్తుంచుకోరు.

బాబు వయసు దాచకుండా వేయండి. ఇద్దరు పెద్దలని పెట్టి వచ్చిన రేటు చూసి మురిసిపోయి నలుగురూ దిగితే, అదనపు మంచం, టిఫిను అంటూ తడిసి మోపెడవుతుంది.

రద్దు గడువు అక్కడి టైము ప్రకారం. మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11:59 అని రాసి ఉంటే మన గడియారంలో 9:29 అన్నమాట. భోజనాలయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే అయిపోతుంది. పైగా అదే గదికి రెండు రేట్లుంటాయి. తక్కువ రేటున్నది తరచూ డబ్బు వెనక్కి రానిదే. కట్టే పేజీలో ఏది టిక్ అయి ఉందో ఇంకోసారి చూడండి.

విదేశీయులకి అక్కడ గదికి రాత్రికి 10 రింగిట్ల (రింగిట్ అంటే మలేషియా డబ్బు) టూరిజం పన్ను ఉంది. రెండు గదులు, నాలుగు రాత్రులంటే 80 రింగిట్లు. యాప్ ముందే పట్టిందో, కౌంటర్లో కట్టాలో అడగండి. గదికేమైనా నష్టం జరిగితే పట్టుకోవడానికి ముందే తీసుకునే డిపాజిట్ ఎంతో కూడా అడగండి. దానికి డెబిట్ కార్డు ఇవ్వకండి. ఖాళీ చేసిన రోజే వదిలేశామంటారు, మన ఖాతాలోకి వచ్చేసరికి రోజులు పడతాయి. కార్డు మిషను రూపాయల్లోనా, రింగిట్లలోనా అని అడిగితే రింగిట్లే నొక్కండి. రూపాయల్లో అయితే మారకం రేటు వాళ్లిష్టం.

ఇక టిఫిను. ఉచితమే, కానీ ఇడ్లీ ఉంటుందని ఆశపడకండి. అక్కడివాళ్ల టిఫిను నాసి లెమాక్. ఆ అన్నం కొబ్బరిపాలతో ఘుమఘుమలాడుతుంది కానీ పక్కన ఎండు నెత్తళ్లుంటాయి, సంబల్ అనే మిరప పచ్చడిలోనూ రొయ్యల ముద్ద కలుపుతారు. నన్నడిగితే ఆ ఉచిత టిఫిను వదిలేసి బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగండి. కేఎల్ (కౌలాలంపూర్) సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న లిటిల్ ఇండియా అది. ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం అన్నీ నడిచే దూరంలోనే. మురుగన్ (సుబ్రహ్మణ్యస్వామి) గుడి ఉన్న బటు గుహలకి రైలూ ఆ స్టేషన్ నుంచే. 272 మెట్లు మీరూ బాబూ ఎక్కండి, అత్తగారు కిందే మురుగన్ విగ్రహం దగ్గర కూర్చుంటారు.

విమానం పొద్దున్నే దిగుతుందేమో చూసుకోండి. గది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో గానీ ఇవ్వరు. మెయిల్లో ఆ ముక్కా అడిగేయండి. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, మూడు చదును పిన్నుల అడాప్టరు కొనుక్కోండి. అన్నట్టు, బాబుకి ఘాటు వాసన కొట్టే దురియన్ పండు రుచి చూపించాలనుంటే వీధిలోనే తినిపించేయండి. చాలా హోటళ్లు దాన్ని గుమ్మం దాటనివ్వవు. గదిలో ఆ వాసన పట్టిందంటే మీ డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.